ఎదుటివాడి వకాల్తా

మా లాయర్ల చాంబర్స్‌కు మోసం కేసులు తప్ప వేరేవి రావు. లండన్‌లో లాయర్ల పేట లింకన్స్ ఇన్‌లో మా మెట్లెక్కి వచ్చేవాళ్లు అప్పటికే నిలువునా మునిగి ఉంటారు. డిలిస్ ప్రోథెరో కూడా అలాగే వచ్చింది. కార్డిఫ్‌లో ఆవిడ జీవితమంతా నడిపిన బిస్కెట్ల ఫ్యాక్టరీని అమ్మితే, వచ్చిన సొమ్మంతా భాగస్వామి రైస్ తన ఖాతాల్లోకి మళ్లించుకున్నాడు. రేపో మాపో అది దేశం దాటేస్తుంది. వాడికి తెలియకుండా ఈ రోజే జడ్జి చేత ఆ ఖాతాలు ఆపించాలి.

వాదించేది హెస్టర్ క్విల్టర్. నేను ఆవిడ జూనియర్‌ని. ఎదుటివాడు లేని చోట వాడి మాట కూడా మనమే చెప్పాలన్నది మా వృత్తిలో నియమం. చాలామంది దాన్ని చివర్లో గొంతు తగ్గించి గబగబా కానిచ్చేస్తారు. హెస్టర్ దానితోనే మొదలుపెట్టింది.

"మై లార్డ్, మా క్లయింటు ఇదివరకు సొంత తమ్ముడి మీదే దొంగతనం అంటగట్టారు. అతను ఏ తప్పూ చెయ్యలేదని తేలింది. రైస్ ఇక్కడుంటే ముందు ఈ మాటే అనేవాడు."

డిలిస్ వెనకనుంచి నా భుజం పొడిచింది. "ఏమయ్యా, ఈవిడ నా లాయరా, వాడి లాయరా?"

జడ్జి కలం ఆగిపోయింది. హెస్టర్ మాత్రం రైస్ చెప్పగల సాకులన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పి, ఆ తర్వాతే తీరిగ్గా ఒక్కొక్కదాన్నీ విరిచింది. ఖాతాలు ఆగాయి. అంత ధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

"మా ఇంటి గుట్టు రచ్చకెక్కించావు కదమ్మా!" అంది డిలిస్.

"తిట్టుకోండి, పర్లేదు," అంది హెస్టర్.

తర్వాతి నెల రైస్ పేరున్న లాయర్ని పెట్టుకుని, ఆ ఉత్తర్వు కొట్టేయించడానికి వచ్చాడు. మేం జడ్జి దగ్గర ఏదైనా దాచామని చూపిస్తే చాలు, సొమ్ము వాడిదే. కోర్టు తలుపు బయట వాడి అరుపులు మా దాకా వినిపించాయి.

"తమ్ముడి సంగతి ఎత్తవయ్యా!"

"ఆ లాయరమ్మే ముందు చెప్పేసింది," అన్నాడు వాడి లాయరు.

"మరి డిలిస్ నాకు బాకీ ఉందని?"

"అదీ చెప్పేసింది."

"అయితే నీకు ఫీజు దేనికి?"

ఆ లాయరు హెస్టర్ దగ్గరికొచ్చాడు. "మా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం. నాకేమీ మిగల్చకపోతివి కదా తల్లీ!" అని నవ్వుతూ చెయ్యెత్తి దండం పెట్టాడు.

డిలిస్ నవ్వలేదు. బెంచీ మీద కూలబడింది. తర్వాత ఫోన్ తీసింది.

"ఓవెన్, నేనురా, అక్కని. ఫోన్ పెట్టెయ్యకు. నువ్వు దొంగవి కాదని మా లాయరమ్మ జడ్జి ముందు చెప్పిందిరా. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ నోరు తెరిచి అనలేకపోయాను."