తుమ్మే యంత్రం

ఇంగ్లండు కొసన కార్న్‌వాల్‌లో మా డోర్కస్ గని తగరానికి పేరుపడ్డదే గాని, లోపల తగరం కంటే నీళ్ళే ఎక్కువ. ఆ నీళ్ళు తోడడానికి కమ్మరి పాస్కో నాన్‌కివెల్ ఒక ఆవిరియంత్రం కట్టాడు. నిలువెత్తు ఇత్తడి సిలిండర్‌లోకి ఆవిరి పంపి, ఆ వెంటనే చన్నీళ్ళు చిమ్మితే ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు బయటి గాలి పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. పిస్టన్‌కు తగిలించిన పై దూలం ఊగి, దాని రెండో కొస గనిలోంచి నీళ్ళు పైకి లాగుతుంది.

కాసేపు భేషుగ్గా ఊగేది. తరవాత నీరసించి, ఆయాసపడి, ఆగిపోయేది.

గని పెద్ద కెప్టెన్ ఊరెన్‌కు ఓపిక తక్కువ. “ఏమయ్యా పాస్కో, దీనికంటే మా ముసలి గాడిదకే ఊపిరి ఎక్కువుంది. వచ్చే వారం నీళ్ళు తోడడానికి గుర్రాల్ని తెప్పిస్తున్నా” అన్నాడు.

“గాలి ఎక్కణ్ణుంచో లోపలికి దూరుతోంది కెప్టెన్‌గారూ. అదెక్కడో దొరికితే చాలు.”

పిస్టన్ చుట్టూ కొత్త తోలు బిగించాడు. దానిమీద నీళ్ళు నిలబెట్టాడు. అతుకులన్నిటికీ సీసం పోశాడు. అయినా యంత్రం ఆగిపోతూనే ఉంది. గాలి దూరే సందే లేదు, కాని లోపల గాలి ఉంది. ఆ ముడి పాస్కోకు అన్నం సహించనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో గాజు సీసా ఒకటి తీసుకుని అందులో కాసిని నీళ్ళు మరిగించాడు. ఆవిరి బుసలు కొడుతుండగా సీసాను చన్నీళ్ళ గిన్నెలోకి బోర్లించాడు. టప్పున పగిలింది.

భార్య థామసిన్ చేతులకంటిన పిండి దులుపుకుంటూ వచ్చింది. “ఇంట్లో ఉన్న ఒక్క మంచి సీసా! ఇక మందు నీ టోపీలో పోసిస్తాలే, తాగు.”

“పక్కింట్లో ఇంకోటి ఉంటుందేమో అడిగి పెట్టవే.”

తిట్టుకుంటూనే తెచ్చిపెట్టింది. ఈసారి సీసా పగల్లేదు. గిన్నెలో నీళ్ళు జర్రున సీసాలోకి ఎక్కాయి. ఇద్దరూ వంగి చూశారు. సీసా నిండింది గాని, పైన చిన్న బుడగ ఒకటి మిగిలిపోయింది.

“ఇదెవరు?” అంది థామసిన్.

“అదే నా ప్రశ్న. దీనికి పిస్టన్ లేదు, తోలు లేదు, అతుకు లేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది?”

ఆమె పొయ్యి పక్కన పెట్టి మరిచిపోయిన గాజు గ్లాసు వైపు చూసింది. అందులోని ఊటనీళ్ళు వెచ్చబడి, గ్లాసు లోపలి గోడల నిండా సన్నని బుడగలు అంటుకున్నాయి. “దానికి లోపల చెమట పట్టినట్టుంది చూడు” అంది.

పాస్కో గ్లాసును వెలుతురుకెత్తి చాలాసేపు తిప్పాడు. తరవాత ఊటనీళ్ళను బాగా కాచి, చల్లార్చి, వాటితో మళ్ళీ సీసా ఆట ఆడాడు. ఈసారి మిగిలిన బుడగ ఆవగింజంత.

“నీళ్ళలోనే గాలి ఉందే!” అని కేకపెట్టాడు. “నేను చిమ్మే చన్నీళ్ళతోనే లోపలికి పోతోంది. ఊపు ఊపుకీ కాస్త మిగిలి, చివరికి గొంతు నొక్కేస్తోంది.”

మర్నాడు సిలిండర్ అడుగున రంధ్రం తొలవాలన్నాడు. ఊరెన్ మొహం ఎర్రబడింది. “గాలి రాకుండా చూడమంటే చిల్లి పెడతానంటావా? నీకేమైనా మతిపోయిందా?”

“చిల్లికి తలుపు పెడతా కెప్టెన్‌గారూ. ఆవిరి వచ్చేటప్పుడు గాలిని బయటికి తోస్తుంది. లోపల ఖాళీ అయ్యేసరికి బయటి గాలే తలుపు మూస్తుంది.”

“మూయకపోతే?”

“గుర్రాలు ఎలాగూ వస్తున్నాయిగా.”

ఊరెన్‌కు నవ్వొచ్చింది, దాచుకున్నాడు. “కానీ. చూద్దాం.”

మొదటిరోజు తలుపు సరిగా మూతపడలేదు. యంత్రం కదలనైనా లేదు. చుట్టూ చేరిన గనివాళ్ళు ఈలలు వేశారు. పాస్కో ఎవరినీ పట్టించుకోక, తలుపు పక్కనే బోర్లా పడుకుని చెవి పెట్టి విన్నాడు. లోపలికి దూరే గాలి సన్నగా ఈల వేస్తోంది. తలుపుకు వేసిన తోలు అంచున వెంట్రుకంత సందు. తలుపు చుట్టూ చిన్న దొప్పలా కట్టి అందులో నీళ్ళు నింపాడు. ఇక ఆ సందును నీళ్ళే మూస్తాయి.

మళ్ళీ ఆవిరి వదిలారు. దొప్పలోంచి నీళ్ళు చిమ్ముతూ యంత్రం గట్టిగా తుమ్మింది. ముందు వరసలో నిలబడ్డవాళ్ళు తడిసి వెనక్కి గెంతారు. దూలం ఊగింది. మళ్ళీ తుమ్ము, మళ్ళీ ఊపు. పొద్దు వాలినా ఆగలేదు. పాస్కో నోటిమీద చెయ్యి పెట్టుకుని అలాగే కూచున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చూడవచ్చిన థామసిన్‌కు కూడా తెలియలేదు.

నీళ్ళు దిగి, మా తాతలు వదిలేసిన సొరంగంలోకి మనుషులు మళ్ళీ దిగారు. ఆ ఆదివారం చర్చి నుంచి ఊరెన్ నేరుగా పాస్కో ఇంటికొచ్చాడు. కాస్త మొహమాటపడి, “ఆ సీసా ఆట… నన్నొకసారి చెయ్యనిస్తావా?” అన్నాడు.

వేలు కాల్చుకున్నాడు, చొక్కా తడుపుకున్నాడు. బుడగ మిగిలేసరికి మోకాళ్ళమీద కూచుని దాన్నే చూస్తూ, “నీళ్ళలో గాలికేం పనయ్యా?” అన్నాడు.



“చేపలు పీల్చేది అదేనేమో” అంది థామసిన్.

మగవాళ్ళిద్దరూ తలెత్తి ఆమెను చూశారు. “కాచి చల్లార్చిన నీళ్ళలో వేసి చూడ్డానికి ఇంట్లో బతికున్న చేపేమైనా ఉందా?” అన్నాడు ఊరెన్.