లక్నర్ కొంప

లక్నర్‌ది హైతీ. ఎల్బీనగర్‌లో అతనికి మేడమీద గది అద్దెకిచ్చిన బాపిరాజుగారు ఆ దేశం ఆఫ్రికాలో ఉందనుకున్నారు, కాదని ఎవరూ చెప్పలేదు. చదువుకని హైదరాబాదు వచ్చిన లక్నర్, చదువయ్యాక పాటల్లో పడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ నెత్తిమీద జైపాల్‌తో కలిసి స్టూడియో పెట్టాడు. బోనాల పాటలకీ పెళ్లి వీడియోలకీ సంగీతం కడతాడు. అమ్మవారి పేర్లు జైపాల్ తప్పినా అతను తప్పడు.

గదిలో డ్రమ్ము చప్పుడు భరించలేమని పక్కింటివాళ్లు గొడవకొచ్చారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు బాపిరాజుగారు. ఇంకో ఇల్లు వెతుకుదామంటే, అతని రంగు చూడగానే గేటు దగ్గరే "ఫ్యామిలీస్‌కే ఇస్తామండీ" అంటారు. చిరునామా లేకపోతే వీసా పొడిగించరు.

"తుర్కయంజాల్లో మా అమ్మాయి ఉదయలక్ష్మి గృహప్రవేశం. మంచి పాటొకటి కట్టు బాబూ," అన్నారు బాపిరాజుగారి భార్య అమ్మాజీ. "మీ అంకుల్ మెత్తబడితే మిగతాది నేను చూసుకుంటాను."

లక్నర్ వాళ్ల దేశంలో జనం ఆడిపాడే సంగీతం పేరు కొంపా. గిటారూ డ్రమ్మూ కలిసి తాపీగా ఊగుతాయి.

"ఈ మాట తెలుగులో ఉందా?" అని జైపాల్‌ని అడిగాడు.

జైపాల్ హెడ్‌ఫోన్లు తియ్యకుండానే, "కొంప అంటె ఇల్లే గదన్నా," అన్నాడు.

తన సంగీతం పేరుకి ఈ ఊళ్లో అర్థం ఇల్లు! లక్నర్ గిటారు అందుకున్నాడు. ఆ మాటమీదే పాట కట్టాడు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాయి. స్పీకర్లో లక్నర్ గొంతు హాయిగా అందుకుంది: "కొంపా... మా కొంపా... కొత్త కొంపా..."

పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. బాపిరాజుగారి ముఖం నల్లబడింది.

"శుభమా అని పాలు పొంగిస్తుంటే ఆ మాటేవిటయ్యా? ఆపు!"

లక్నర్ ఆపేశాడు. ఏం తప్పు చేశాడో తెలియలేదు కానీ, గది పోయిందని మాత్రం తెలిసింది.

"ఏవిటన్నాడూ?" అంది కుర్చీలోంచి వెంకాయమ్మ. ఉదయలక్ష్మి అత్తగారు, వినికిడి తక్కువ.

"కొంప అన్నాడు వదినగారూ," అమ్మాజీ ఆవిడ చెవిలో అరిచారు.

"అంటే అన్నాడు. జన్మంతా అద్దె కొంపల్లో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడుక్కున్నాం. ఇన్నాళ్లకి మనకంటూ ఓ కొంప ఏడిసింది. మళ్లీ వెయ్యవయ్యా, గట్టిగా!"

వియ్యపురాలి మాట. బాపిరాజుగారు కోపం మింగేశారు. పాట మళ్లీ మొదలైంది. వెంకాయమ్మ కాలు కాస్త ఆలస్యంగా తాళం అందుకుంది.

తిరుగుదారిలో, కారు వెనకసీట్లోంచి లక్నర్ మెల్లగా అడిగాడు.

"అంకుల్, ఖాళీ చెయ్యాలా?"

అమ్మాజీ భర్తవంక చూశారు. ఆయన రోడ్డువంకే చూశారు.

"ఇప్పుడేం కొంప మునిగిందని! ఉండు. డ్రమ్ము మాత్రం స్టూడియోలో పెట్టుకో."

మునగడమంటే ఏమిటని మర్నాడు లక్నర్ అడిగితే, జైపాల్ ఈసారి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"కూసో అన్నా. గది జర పెద్ద కథ."