ఎడమ నుంచి మూడో మనిషి

చీమ కన్ను ఎంతకీ ఫోకస్‌లోకి రావడం లేదు. హైమ వెంట్రుకవాసి ముందుకు జరిగితే మీసాలు తేలి కన్ను మునిగిపోతుంది, వెంట్రుకవాసి వెనక్కి జరిగితే కన్ను తేలబోయినట్టే తేలి ఎర్రటి మసకలో కలిసిపోతుంది, ఆ ఎరుపు చీమది కాదనీ డార్క్‌రూమ్‌లో వెలిగే బల్బుదనీ, ఆ బల్బు కింద లుంగీ పైకి ఎగ్గట్టి స్టూలు మీద కూర్చున్న మనిషి భావన్నారాయణ గారనీ తెలిసేసరికి, చీమ ఎటు పోయిందో, తన కెమెరా ఏమైందో ఆమెకి గుర్తుండదు. చేతిలో మిగిలింది లెన్సు ఒక్కటే. ఆయన పోయి మూడు నెలలు దాటింది. ఆ సంగతి హైమకి తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరూ దాని ఊసెత్తరు.

ఆయన తల తిప్పి చూడగానే హైమ లెన్సున్న చెయ్యి కొంగులో దాచేస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అని తనకే సిగ్గేస్తుంది, అయినా చెయ్యి బయటికి రాదు.

రాదు మరి, ఎలా వస్తుంది? బాపట్లలో తన స్టూడియో మూసేసిన రోజున ఆయన ఎన్లార్జర్‌ని పాత ఇనపసామాన్ల వాడికి ఇచ్చేస్తూ, దానికున్న లెన్సు మాత్రం విప్పి హైమ చేతిలో పెట్టారు. ఫిల్ములో బొటనవేలంత ఉన్న మొహాన్ని గోడకి తగిలించే ఫోటోగా పెంచే లెన్సు అది. వ్యవసాయ కాలేజీలో పంటల పురుగులకి ఫోటోలు తీయడం హైమ ఉద్యోగం. ఒకరోజు ఊరికే సరదాకి దాన్ని తిరగేసి, వెనక భాగం ముందుకొచ్చేలా కెమెరాకి బిగించి చూస్తే, దోమ రెక్క మీద నూగు కూడా ఈ మూల నుంచి ఆ మూల దాకా సూదిమొనలా పడింది. కొత్త లెన్సులు చెయ్యలేని పని ఆ పాత గాజుముక్క చేసింది. పేరొచ్చింది, బహుమతులొచ్చాయి, హైమకి అది ప్రాణమైపోయింది. సరిగ్గా అప్పుడే భావన్నారాయణ గారు మంచం పట్టి, ఆ లెన్సు పట్టుకుని ఒకసారి రమ్మని, పని ఉందని ఫోను చేశారు. మొదటిసారి సెలవు లేదంది. రెండోసారి జ్వరమంది. మూడోసారి ఫోనే ఎత్తలేదు. ఇచ్చింది వెనక్కి అడుగుతారని భయం, ఇంకేం లేదు. నాలుగోసారి ఫోను ఆయన కొడుకు చేశాడు, అప్పటికి అంతా అయిపోయింది.

ఎందుకు పిలిచారో అప్పటినుంచీ అదొక్కటే మనసులో తొలుస్తోంది. ఇప్పుడు మనిషి ఎదురుగా ఉన్నాడు. అడగాలి. అడిగితే లెన్సు ఇవ్వాల్సొస్తుందేమోనని ఇక్కడ కూడా నోరు పెగలడం లేదు, చచ్చిపోయినాయన లెన్సు తీసుకెళ్ళి ఏం చేసుకుంటాడన్న ఇంగితం కలలో ఎవరికుంటుంది?

ఆయన మాత్రం తీరిగ్గా ట్రేలో ఫోటో ఒకటి కడుగుతూ, అన్నం తిన్నావా అని అడుగుతారు, తన మనవడు చదువుతున్నాడా ఫోను చూస్తున్నాడా అని వాకబు చేస్తారు, ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, ఎంత కడిగినా కాగితం మీద జిడ్డు పోదని విసుక్కుంటారు. ఉప్పగా ఉండక ఏం చేస్తాయి, ట్రే అంచు దాటి నీళ్ళు కాళ్ళ మీదికొస్తున్నాయి, వెనక్కి పోతున్నాయి, అది సూర్యలంక సముద్రమే, డార్క్‌రూమ్‌కి మూడు గోడలే ఉన్నాయి, నాలుగో వైపు అలలున్నాయి, తీగల మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన పెళ్ళి ఫోటోలు ఆ గాలికి అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఇది ఇలాగే ఉందని, తానే సరిగ్గా చూసుకోలేదని హైమ అనుకుంటుంది.

చివరికి, రాకపోవడం తప్పేనని, లెన్సు మీద ఆశతోనే రాలేదని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. చెప్పేసి చెయ్యి చాపుతుంది. ఆయన దాని వంక చూడను కూడా చూడరు.

"అది నీదేనమ్మాయ్, నేనెందుకడుగుతాను?" అంటారు. "దాంతో మీ అమ్మని చూపిద్దామని పిలిచాను."

హైమకి అర్థం కాదు. అమ్మని చూపించడమేంటి? అమ్మ హాల్లో గోడ మీద ఉంది, పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ రోజూ పొద్దున్నే ఆ మొహం చూశాకే కాఫీ తాగుతుంది. తనని కన్న రోజునే అమ్మ పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని తన దారిన తను పోయాడు. ఉన్న ఊళ్ళో ఉండబుద్ధి కాక అమ్మమ్మ పసిగుడ్డుని చంకనేసుకుని బాపట్ల వచ్చి, ఇడ్లీలు పోసి పెంచింది. అమ్మని ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. ఉన్నదల్లా ఆ ఫోటో, అది చేసిచ్చింది ఈ భావన్నారాయణ గారే. ఆ మాటే ఆయనతో అంటుంది, అంటూ చూస్తే ఆ ఫోటో డార్క్‌రూమ్ గోడ మీదే వేలాడుతోంది.

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుంటారు.

"ఆవిడ మీ అమ్మ కాదు హైమా."

నెత్తిన పిడుగు పడటమంటే ఏంటో హైమకి ఇప్పుడు తెలుస్తుంది. చప్పుడేమీ ఉండదు. అల వెనక్కి పోయింది పోయినట్టే ఆగిపోతుంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, ఆయన పెదాలు కదులుతుంటాయి, మాటలు మాత్రం చాలాసేపటికి గానీ వచ్చి చేరవు.

వచ్చి చేరినంతవరకూ ఇదీ సంగతి. అమ్మకి విడిగా ఫోటో అంటూ లేదు. బాపట్లలో ఒక స్నేహితురాలి పెళ్ళికొచ్చినప్పుడు భావన్నారాయణ గారు తీసిన గ్రూప్ ఫోటోలో ఉందంతే. ఆ ఫోటో పట్టుకుని అమ్మమ్మ స్టూడియోకొచ్చింది. రెండు కళ్ళకీ శుక్లాలు, మనిషిని గొంతుని బట్టి పోల్చుకునేది. కూతురు చెప్పిన గుర్తు ఒక్కటే ఆమెకి తెలుసు: ముందు వరసలో ఎడమ నుంచి మూడో మనిషి. సంవత్సరీకానికి గోడ మీద ఉండాలంది. ఆ వారమే పిల్లల హాల్‌టికెట్ ఫోటోలు గుట్టలుగా ఉన్నాయి. ఆయన ఆ పెళ్ళి ఫిల్ము వెతికి తీసి ఎన్లార్జర్‌లో పెట్టారు, ఎడమ నుంచి మూడో మొహం పెంచారు, మచ్చలు దిద్దారు, చట్రం కట్టించి ఇచ్చారు. పెట్టడమే తిరగేసి పెట్టారు. ఫిల్ముకి మందు పూసిన వైపు కిందికుండాలి, అది పైకుంది. ఎడమ కుడైంది, కుడి ఎడమైంది. పనిలోకొచ్చిన మొదటి రోజున నేర్పే పాఠం, పదేళ్ళ అనుభవమున్న మనిషి తప్పాడు.

"నెల తర్వాత, ఊరొదిలి దూరం వెళ్ళిపోయిన ఆ పెళ్ళికూతురే ఉత్తరం రాసి ఇంకో కాపీ అడిగితే ఫిల్ము తీశాను, అప్పుడు తెలిసింది," అంటారు. "అప్పటికప్పుడు మీ అమ్మ మొహం పెంచి, కవర్లో పెట్టుకుని మీ ఇంటికొచ్చాను. మీ అమ్మమ్మ నిన్నెత్తుకుని ఆ ఫోటోకి ముద్దు పెట్టిస్తోంది. పిల్ల అమ్మని గుర్తుపట్టింది బాబూ, చూడు, చూసి నవ్వుతోంది అంది. ఇక నాకు నోరు రాలేదు."

కవరు ఏం చేశారని అడిగితే నల్లమడ వాగులో వేశానంటారు. అమ్మమ్మ ఇచ్చిన గ్రూప్ ఫోటోని చెదలు తినేశాయని అబద్ధం చెప్పి దాచేశారట. తేలు కుట్టిన దొంగలా నలభై ఏళ్ళు కిక్కురుమనకుండా ఉన్నారు. ఆ పిల్లని చేరదీసి కెమెరా పట్టుకోవడం నేర్పారు, లెన్సు ఇచ్చారు, శుభకార్యాలకి దీవించారు, ఒక్కనాడూ చెప్పలేదు.

హైమకి ఒళ్ళు మండిపోతుంది. వీధిలో వాళ్ళందరూ ఆ ఫోటో చూసి, ఆ ముక్కు చూడండి, అచ్చం తల్లి పోలికే అన్నవాళ్ళే. తనూ అద్దంలో ఆ ముక్కే చూసుకుంది. పురుటినొప్పుల్లో ఆ ఫోటోనే తలుచుకుంది. కూతురికి పెళ్ళి కుదిరితే మొదటి శుభలేఖ ఆ ఫోటో ముందే పెట్టింది. ఎవరావిడ అని అడుగుతుంది. పెళ్ళికొచ్చిన మనిషెవరో, పేరు కూడా తెలీదంటారాయన. పైగా అప్పటికి నిక్షేపంగా బతికే ఉందట.

ఎన్నో అనాలని ఉంటుంది. ముసలాయన చేతులు నీళ్ళలో నాని ముడతలు పడి ఉంటాయి, వాటిని చూస్తే తిట్టు నాలుక దాటదు. పోనీ ఫిల్ము ఇవ్వండి, మా అమ్మ అందులో ఉంది కదా అంటుంది. అందుకే కదమ్మా పిలిచింది, అంటారాయన. ఎన్లార్జర్ లేదు, ఆయనకీ చూపు పోయింది, ఆ గుంపులో అమ్మ మొహం ఆవగింజంత. చీమ కళ్ళు తీసే లెన్సు హైమ దగ్గరుంది, తిరగేసి బిగిస్తే ఆవగింజలోంచి అమ్మ లేచొస్తుంది, చేసిన తప్పు ఆ లెన్సుతోనే దిద్దుకుని పోదామనుకున్నారు.

"ఇప్పుడెక్కడుంది ఫిల్ము?"

అడిగాక గానీ గుర్తురాదు, ఎక్కడుందో తనకే తెలుసని. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన కొడుకు అటక మీది బిస్కెట్ డబ్బాలన్నీ దింపి, అక్కా, వీటిలో పనికొచ్చేవేమన్నా ఉన్నాయా చూడమన్నాడు. హైమ ఒక్క డబ్బా మూత తీసి, రెండు ఫిల్ములు వెలుగుకి పెట్టి చూసి, అన్నీ ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఇప్పుడెవరిక్కావాలి, తీసెయ్యమంది. ఫిల్ములోంచి వెండి తీసేవాడొకడొచ్చి గోతాల్లో వేసుకుపోయాడు. గోతం మూతికి పురికొస కట్టడానికి తనే సాయం పట్టింది.

గుండె జారిపోవడం కాదు, అసలు అక్కడ గుండె ఉందా అని హైమ చెయ్యి పెట్టి చూసుకుంటుంది. ఆయన నలభై ఏళ్ళు చెప్పకపోతే ఏం, మూడుసార్లు పిలిచారు. వెళ్ళనిది తను. తియ్యమన్నది తను.

"నాకు తెలుసులేమ్మా," అంటారు భావన్నారాయణ గారు, చాలా మెల్లగా. "ఇక్కడికన్నీ వస్తాయి."

ట్రేలోంచి ఆయన తడి ఫిల్ము ఒకటి పైకి తీస్తారు. ఇంతసేపూ కడుగుతోంది దాన్నే. మందు వైపు కిందికి పెట్టానని రెండుసార్లు చెప్తారు, కావాలంటే వేలితో తడిమి చూడమంటారు. హైమ లెన్సు తిరగేసి కంటికి ఆనించుకుంటుంది. అలల ఒడ్డున కుర్చీలు వేసి ఉంటాయి, ముందు వరసలో ఆడవాళ్ళు కాళ్ళు తడుపుకుంటూ కూర్చుని ఉంటారు, హైమ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి నడిచేసరికి వరస తిరగబడిపోతుంది, ఎడమవాళ్ళు కుడికెళ్ళిపోతారు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. ఒకటి. రెండు. మూడు. ఆ మూడో మనిషి పెళ్ళి సందట్లో దేనికో నవ్వబోతోంది. మొహం ఇంకా మసకే. ఆ లెన్సుకి ఫోకస్ తిప్పే రింగ్ ఉండదు, మనిషే జరగాలి. హైమ జరుగుతుంది. చెవి దుద్దు తేలుతుంది. ఇంకొంచెం. గడ్డం తేలుతుంది, గడ్డం కింద చిన్న నొక్కు.

"ఊపిరి బిగబట్టు," అంటారాయన వెనకనుంచి. "కదిలితే పోద్ది."

హైమ బిగబడుతుంది. పెదాలొచ్చాయి. ముక్కు రాబోతోంది, తన ముక్కేనా కాదా, ఒక్క వెంట్రుకవాసి చాలు, కళ్ళ దగ్గర ఒక మెరుపు. లోపల ఊపిరి నిండిపోయి, ఆగలేక, అమ్మా అని పిలుస్తుంది.

ఆ ఊపిరికి అంతా చెదిరిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం, నాలుగు కావస్తోంది. ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో కుక్కర్ కూత వేస్తోంది. దిండు తడిసి ఉంది. హైమ లేచి కూర్చుని, పగటికల, పిచ్చికల, అన్నం ఎక్కువ తిని పడుకుంటే ఇలాగే వస్తాయని తనకి తానే చెప్పుకుంది. ఆయన కొడుకు గోతాలెత్తించిన మాట నిజమే, మిగతాదంతా తన తప్పు తనని పీక్కుతినడమేనని నచ్చజెప్పుకుంది. మొహం కడుక్కుని హాల్లోకొచ్చింది.

గోడ మీది ఫోటోకి అమ్మమ్మ వేసిన గంధపుచెక్కల దండ ఉంది. లావుపాటి దండ, మెడ దగ్గర్నుంచి భుజాలు రెండూ కప్పేసి ఉంటుంది. అమ్మమ్మ పోయేటప్పుడు దాన్ని తియ్యొద్దని చెప్పిపోయింది, పైపైన గుడ్డతో దులపడమే తప్ప ఎవరూ దాన్ని కదిపింది లేదు. హైమ కుర్చీ వేసుకుని ఎక్కి, రెండు చేతులా ఆ దండ పైకెత్తి తీసింది.

ఆవిడ పైట కుడి భుజం మీద ఉంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో కుడిపైట వేసే ఆడవాళ్ళు లేరు. ఏ పెళ్ళికొచ్చిన ఏ ఆడమనిషీ అలా కట్టి కూర్చోదు, ఫిల్ము తిరగేసి పెడితే తప్ప. ఎదురుగా ఆ మొహం ఎప్పటిలాగే దయగా చూస్తోంది, నలభై రెండేళ్ళుగా చూసినట్టే.

"నువ్వెవరివమ్మా?" అని అడిగింది హైమ.

దండ చేతిలోనే ఉండిపోయింది. తిరిగి వెయ్యాలో వద్దో ఆమెకి తెలియలేదు.