వదులు నేత

ఆడవాళ్ల చేతి దెబ్బ తక్కువ, నేత వదులుగా వస్తుంది అని మా చేనేత సంఘంలో మొదట అన్నవాణ్ణి నేనే. ఎవరో అన్నారని తప్పించుకోవడానికి లేదు. పరమేశ్వర్ అని నా పేరుతో సహా రిజిస్టరులో రాసి ఉంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, గొంతు చించుకుని మరీ అన్నాను. నాకు ఏ మాటైనా అలా అనడమే అలవాటు. దాంతో మగవాళ్లు నేసిన చీరకు కూలి పద్నాలుగు వందలు, ఆడవాళ్లు నేసినదానికి వెయ్యి అని తీర్మానం రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు రెండోసారి చాయ్ పోశారు.

మాది కోస్గికి అవతల నేతవాళ్ల వాడ. ముప్పై చిల్లర మగ్గాలు. తొమ్మిదింటి మీద ఆడవాళ్లు కూర్చుంటారు. మొగుడు పోయినవాళ్లు, మొగుడు హైదరాబాదులో వాచ్‌మన్ పనికి వెళ్లినవాళ్లు. మిగతావాటి మీద మగవాళ్లం. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంత ఇంటి వెనక గదిలో ఉంటుంది కాబట్టి నేసే మనిషి వీధిలోకి కనిపించడు. చప్పుడు మాత్రం వాడ చివరిదాకా వినిపిస్తుంది. ఎవరి మగ్గం నడుస్తోందో, ఎవరిది ఆగిందో ఇంట్లో కూర్చునే చెప్పగలం. ఒక పూట మగ్గం ఆగిందంటే ఒంట్లో బాగాలేదేమోనని ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు.

తీర్మానమైన రెండేళ్లకు మక్తల్ రోడ్డు మీద బండి జారి పడ్డాను. కుడి భుజం విరిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో రాడ్డు వేశారు. మోచేతి కింద చెయ్యి ఆడుతుంది గాని భుజం లేవదు. మగ్గం మీద పేక నూలు మోసే నాడెను అటూ ఇటూ పరిగెత్తించాలంటే పైనున్న తాడు గుంజాలి. దానికి భుజం కావాలి. అంటే నా పని అయిపోయినట్టే.

లీలమ్మ, అంటే నా భార్య, పుట్టింట్లో పన్నెండేళ్లకే మగ్గం గుంతలో దిగిన మనిషి. పెళ్లయ్యాక మాత్రం నాకు కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం, వంట. ఇవీ ఆమె పనులు. నాడెలో పెట్టే నూలు కండె లేకపోతే మగ్గం జానెడు కూడా సాగదు. అయినా ఆ పనికి కూలి లేదు. ఏ ఇంట్లోనూ లేదు. నేను పడ్డ రెండు నెలలకు ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలో దిగి, ఎవరినీ అడగకుండా నేయడం మొదలుపెట్టింది.

మొదటి చీర సంఘానికి తీసుకెళుతుంటే నేనే ఆపాను.

"నీ పేరు మీద ఇస్తే వెయ్యే ఇస్తరు. నా పేరు మీద ఇద్దాం" అన్నాను.

"ఎవలకన్న తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? నా భుజం నయమైందని చెప్త."

ఆ నాలుగు వందల కోసమే చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నా బొంద! నా చెయ్యి పనికిరాకుండా పోయిందని వాడలో తెలియడం నాకు చావుతో సమానంగా ఉండింది. అదీ అసలు సంగతి.

అలా రెండున్నరేళ్లు గడిచాయి. లోపల మగ్గం చప్పుడవుతుంటే నేను బయట కనిపించకూడదు కదా! అరుగు మీద కూర్చోవడానికి లేదు, చాయ్ హోటల్‌కు పోవడానికి లేదు. అచ్చంగా జైలే. గదిలో మూలకు కూర్చుని రాట్నం తిప్పుతూ లీలమ్మకు కండెలు చుట్టేవాణ్ణి. మొదట్లో నేను చుట్టిన కండె సగానికే చిక్కుపడి నాడె ఆగిపోయేది. "జర గట్టిగ చుట్టు, చిన్నపిల్లలకన్న అధ్వానం" అని గుంతలోంచి కసిరేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇరవై ఏళ్లు అదే మాట నేను ఆమెను అన్నానని గుర్తొచ్చి నోరు మూసుకునేవాణ్ణి.

ఇంకో విచిత్రం జరిగింది. "దెబ్బ తాకినంక పరమేశ్వర్ చెయ్యి ఇంకింత గట్టివడ్డది" అని వాడంతా అనుకోసాగారు. చేనేత దినం నాడు సంఘంలో నాకు శాలువా కప్పారు. దాన్ని తెచ్చి సిగ్గులేకుండా కొక్కేనికి తగిలించాను. లీలమ్మ చూసి పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఈలోగా వాడలో ఆడవాళ్లు కదిలారు. కదిలించింది నర్సింగమ్మ. మొగుడు పోయి పదేళ్లయింది, మగ్గం మీదే ఇద్దరు పిల్లలను చదివించింది. ఎలక్షన్లప్పుడు ఓటుకు వచ్చిన ప్రతి పార్టీవాళ్లకూ ఒకే కాగితం ఇచ్చింది, ఒక్క తీరు చీరకు ఒక్క తీరు కూలి ఇప్పించమని. అందరూ దండం పెట్టి తీసుకున్నారు. తర్వాత ఒక్కడూ ఈ వాడ తొక్కలేదు. లేబర్ ఆఫీసుకు పోతే, అది మీ సంఘం తీర్మానం, మీ సంఘంలోనే మార్చుకోండి అన్నారు. అందుకే సమావేశం పెట్టమని సంఘం అధ్యక్షుడు దశరథం మెడ మీద కూర్చుంది.

సమావేశం పెట్టారు. నర్సింగమ్మ లేచి, "మా నేత వదులన్నరు. ఏ చీర వదులుందో చూపియ్యుండ్రి" అంది.

దశరథం తక్కువవాడు కాదు. వెనక అల్మారాలోంచి ఒక చీర తీశాడు. ఎర్ర అంచు, పసుపు గళ్లు. చూడగానే గుర్తుపట్టాను.

"ఇగో, ఇది మన తమ్ముడు పరమేశ్వర్ నేసింది. పట్టి సూడుండ్రి. గీ దెబ్బ మీ చేతులకు వస్తదా? మొగోని చెయ్యి మొగోని చెయ్యే. గా మాట ఆనాడు పరమేశ్వరే అన్నడు, రిజిస్టర్ల ఉన్నది."

చీర చేతులు మారుతూ పోయింది. ఒక్కొక్కరూ అంచు నలిపి చూసి, నేత బాగుందని ఒప్పుకుని పక్కవాళ్లకు ఇస్తున్నారు. లీలమ్మ దాకా వచ్చింది. తను నేసిన చీరను తనే పట్టుకుని చూసింది. నాకేసి ఒక్కసారి చూసింది. నేను నేలకేసి చూశాను. ఆమె చీర మడత సరిచేసి పక్కామెకు ఇచ్చేసింది. అప్పుడు నా తల కొట్టేసినట్టయింది. అయినా నోరు తెరవలేదు, అదే చెబుతున్నా.

మాట తెగలేదు. పోతూ పోతూ నర్సింగమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. "సోమవారం పొద్దుగాల నుంచి ఒక్క ఆడమనిషి మగ్గంల దిగది. ఒక్క ఆడమనిషి కండె చుట్టది. సమ్మతమున్నోళ్లు చెయ్యెత్తుండ్రి." లీలమ్మ చెయ్యెత్తింది.

ఇంటికి రాగానే తలుపు వేసి ఆమె మీద పడ్డాను. "నీకేమన్న సోయున్నదా? సోమవారం మొగోళ్ల మగ్గాలన్నీ నడుస్తయ్. మనదొక్కటి ఆగితే వాడంత ఏమనుకుంటది?"

"నిజం అనుకుంటది."

"నేను మల్ల బయట ముఖమెట్ల చూపెట్టాలె?"

లీలమ్మ గిన్నెలో బియ్యం కడుగుతోంది. చేతులు ఆపలేదు. "రెండున్నరేండ్ల సంది నా ముఖం చూపెట్టిన్నా నేను? ఇయ్యాల నా చీర పట్టుకొని, గీ దెబ్బ నీకొస్తదా అని నన్నే అడిగిండు. నువ్వు గాడనే కూసున్నవ్."

"ఒక్క వారం ఆగు. నువ్వు నేసినా ఎవలకూ తెల్వది."

"నాకు తెలుస్తది" అంది.

సోమవారం పొద్దున్నే తల దువ్వుకుని, నర్సింగమ్మ అరుగు మీదికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఆ అరుగు మా ఇంటికి ఎదురుగానే. ఏడున్నరకు వాడలో మగ్గాలు మొదలయ్యాయి. పక్కింట్లో గాలయ్య మామది, ఆ పక్కది, ఎదురు వరసలోవి. మాది లేదు. నేను వెనక గదిలో కూర్చుని ఆ చప్పుళ్లన్నీ వింటున్నాను. ఎనిమిదయింది. గోడ అవతల నుంచి గాలయ్య కేక వేశాడు.

"పరమేశా! ఏమైందిరా, పానం మంచిగలేదా? మగ్గం సప్పుడే లేదు!"

లేవలేని చేత్తో గుంతలో దిగాను. రెండున్నరేళ్ల తర్వాత. నా గుంత నాకే కొత్తగా అనిపించింది. లీలమ్మ పొట్టిది, కూర్చునే పీట ఎత్తు చేసుకుంది. నా మోకాళ్లు పైన తగిలాయి. ఎడమచేత్తో తాడు గుంజి, అదే చేత్తో మళ్లీ పోగును బిగించే పలక లాగి దెబ్బ వేశాను. ఒక దెబ్బ. గుక్క తిప్పుకుని ఇంకో దెబ్బ. వాడలో అందరిదీ టకటకమని పోతుంటే నాది నత్తిమనిషి మాటలా పోతోంది. ఎదురుగా అరుగు మీద ఆడవాళ్ల ముచ్చట్లు ఆగిపోయాయి. వింటున్నారు. లీలమ్మ కూడా వింటోంది. ఒక్కో దెబ్బకు తన చీర ఏమవుతోందో ఆమెకు తెలుసు.

రెండు వేళ్ల మందం నేశాను. కోపమొచ్చి తాడును బలంగా గుంజాను. నాడె సగంలో ఉండగానే పలక లాగేశాను. నేతవాడు ఎవడూ చేయని తప్పు, చిన్నపిల్లలు కూడా చేయరు. నాడె పడుగులో ఇరుక్కుని, ముప్పై నలభై పోగులు ఒక్కసారిగా తెగిపోయాయి.

లీలమ్మ పరిగెత్తుకొస్తుందనుకున్నాను. నాడె ఇరుక్కుని మగ్గం ఆగిన చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది. ఇరవై రెండేళ్లలో పోగు తెగితే ఆమె రాని రోజు లేదు. గుంతలోనే కూర్చుని చూశాను. రాలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. భుజం నొప్పికి కాదు.

లేచి, కొక్కేనికున్న శాలువా తీసుకుని బయటికి వచ్చాను. అరుగు ముందు నిలబడి గట్టిగానే చెప్పాను. ఎలాగూ నాకు వచ్చింది అదొక్కటే.

"నర్సింగమ్మా, మీ లెక్క తప్పు. ఆడోళ్ల మగ్గాలు తొమ్మిది కాదు, పది. మా ఇంట్ల రెండున్నరేండ్ల సంది లీలనే నేస్తాంది. నా చెయ్యి లేవది."

ఎవరూ నవ్వలేదు. నర్సింగమ్మ, "గింత ఆలస్యమా అన్నా!" అంది. లీలమ్మ తలెత్తలేదు. కొంగుతో కళ్లు తుడుచుకోవడం మాత్రం చూశాను.

అక్కడి నుంచి సంఘానికి వెళ్లాను. ఆడవాళ్లందరూ నా వెనకే వచ్చారు. దశరథానికి అంతా చెప్పేసరికి ఎర్రబడ్డాడు.

"మోసం చేసినవ్ పరమేశ్వర్! ఒక్కో చీరకు నాలుగు వందలు ఎక్కువ తిన్నవ్. మొత్తం రికవరీ రాస్త."

"రాయి దశరథమన్నా. కారణం గూడ రాయి. ఆడమనిషి నేసిన చీరను రెండున్నరేండ్లు చేత పట్టి చూసి గూడ పోల్చలేక మొగోని కూలి ఇచ్చినమని రాయి. మొన్న సభల చూపెట్టింది గూడ గా చీరనే అని రాయి. ఇగో, శాలువా. ఇది గూడ రికవరీల రాసుకో."

దశరథం కలం తీశాడు. రిజిస్టరు తెరిచాడు. కాసేపు ఆ కాగితాన్నే చూసి, కలం మూత పెట్టేశాడు.

"పొయ్యిరాండ్రి. ఆదివారం కూసుందాం" అన్నాడు.

ఆదివారం దాకా ఆగే వీలు మగవాళ్లకు బుధవారానికే లేకుండా పోయింది. కండెలు అయిపోయాయి. చుట్టడం నాకు తప్ప ఒక్కడికీ రాదు. ఒకదాని తర్వాత ఒకటి వాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. గాలయ్య మామ ఒక సంచి నిండా నూలు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "నీకొస్తదట గదరా. జర నాలుగు కండెలు చుట్టిపెట్టు."

"నేను గూడ బంద్‌ల ఉన్న మామా" అన్నాను. ఆయన తిట్టుకుంటూ వెళ్లాడు.

ఆదివారం తీర్మానం మారింది. ఎవరు నేసినా చీరకు పద్నాలుగు వందలు. నేసినవాళ్ల పేరే రాయాలి. కండెల కూలి సంగతి నర్సింగమ్మ ఎత్తితే, అది వచ్చే సభలో అన్నారు. ఆ రోజు ఎడమచెయ్యి ఎత్తిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. రికవరీ మాట ఎవరూ తలవలేదు.

మర్నాడు పొద్దున లీలమ్మ గుంతలో దిగింది. ఆ వారమంతా నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. తెగిన పోగులను ఒక్కొక్కటే అతకడానికి మధ్యాహ్నం దాటింది. తర్వాత నేను నేసిన రెండు వేళ్ల మందం మీద బొటనవేలు పెట్టి రాసింది. వెలుతురుకు పట్టి చూసింది. నన్ను పిలిచింది.

"ఇటు రా. గీ నేత చూడు. వేలు పెడితే దూరుతాంది. ఎవలు నేసిన్రు ఇది?"

నాకు దొరికిపోయిన దొంగలా ఉంది. "మొగోడు" అన్నాను.

లీలమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత. నవ్వుతూనే ఆ పేక పోగు పట్టుకుని, వరస వెనక వరస, నా నేతంతా విప్పేసింది. విప్పిన నూలు ఉండచేసి నా చేతిలో పెట్టింది.

"చుట్టు. గట్టిగ చుట్టు."

నేను రాట్నం ముందు కూర్చున్నాను.