పాత ఫిల్టర్‌కి లేని రింగు

ఆ ఆదివారం గొడవ టీ జల్లెడ దగ్గర మొదలైంది.

"పొయ్యి పక్కన కొక్కేనికి ఉండాలి. లేదు," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

కారు కింద నుంచి రెండు పాదాలు తప్ప మనిషి కనబడటం లేదు. వాటిలో ఒకటి కాస్త కదిలింది. "ఇక్కడుంది. నట్టు ఆయిల్లో పడిపోతే దాంతో తీశాను. కడిగి ఇస్తాలే."

"కడిగి ఇస్తే మళ్లీ దాంట్లోనే టీ వడకట్టమంటారా?"

"అయితే కొత్తది కొనుక్కో."

"అది కొత్తదే. పాతది పోయినసారి మీరే తగలేశారు."

లోపల అత్తగారు టీవీ గొంతు తగ్గించి, "ఒరేయ్, జల్లెడకీ నీకూ ఏ జన్మలో పగరా?" అని, జవాబు కోసం చూడకుండానే మళ్లీ పెంచేసింది.

ఆమె ఇంకాసేపు అక్కడే నిలబడింది. గొడవ మరికొంత సాగినా బాగుండుననిపించింది. వారం మొత్తానికి భర్త తనతో వరసగా ఆడిన మాటలు అవే. పాదాలు మాత్రం ఇంక కదల్లేదు.

ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. శనివారం చీకటి పడ్డాక వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. మధ్యలో ఉన్న ఆ ఒక్క పగలూ సగం నిద్రకి పోతుంది, సగం బండికి. బండి మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఆయన ఊరుకోరు. పెళ్లైన కొత్తలో మాత్రం లైటు పట్టుకోమని ఆమెను పిలిచేవారు. పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఆయన చెయ్యి ఎటు పోతే అటు వెలుగు తిప్పేది. తర్వాత తలకి తగిలించుకునే లైటొకటి కొనుక్కున్నారు. దాంతో ఆమెకు ఆ ఉద్యోగమూ ఊడింది.

ఇప్పుడామెకి మిగిలినవి మొదలూ చివరా. ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్త ఆయిల్ ఫిల్టర్ తేవడం ఆమె, పాతది వదిలించడం ఆమె. మధ్యలో జరిగేదంతా ఆయనది.

తేవడం కూడా మొదట్లో ఆయన పనే. "కొట్టు నీకు దగ్గర కదా, నంబరు చూసి నువ్వే తేరాదూ," అని పోయినేడాది అప్పగించారు. మొదటిసారి కొట్టువాడు ఏదిస్తే అది తెచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆయన బండి తీసిన ప్రతిసారీ ఇంజన్ కాసేపు టకటకమని కొట్టుకునేది. గేటు దగ్గర నిలబడి వింటుంటే ఆమె పళ్లు జివ్వుమనేవి. ఆ ఫిల్టర్ విప్పాక లోపల చూస్తే, బండి ఆగినప్పుడు ఆయిల్ కిందికి జారకుండా ఆపే రబ్బరు పొర లేనే లేదు.

అందుకని మొన్న కొట్టులో, ఆ పొర ఉందా లేదా అని ఫిల్టర్ చిన్న కన్నాల్లోంచి లోపలికి తొంగి చూసి మరీ ఒకటి వెనక్కి ఇచ్చేసింది.

"ఏంటమ్మా, కూరగాయలు ఏరినట్టు ఏరుతున్నారు," అన్నాడు కొట్టువాడు.

"కూరగాయలైతే ఇంత చూడను. అవి నడిరోడ్డు మీద ఆగిపోవు కదా."

కొట్టువాడు నవ్వాడు. ఈ ముచ్చట ఆయనకి చెప్పాలని ఆమె శనివారం దాకా దాచుకుంది. ఆయన వచ్చి డబ్బా చూసి, "తెచ్చావా? అక్కడ పెట్టు," అన్నారు. ముచ్చట నోట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం దాటుతుండగా ఆయన కారు కింద నుంచి బయటికొచ్చి, ఇంజన్ కాసేపు తిప్పి చూసి ఆపేశారు. "పాతదాని సంగతి చూడు," అని స్నానానికి వెళ్లారు.

కారిన పాత ఆయిలూ, విప్పిన ఫిల్టరూ ఉన్న ట్రేని ఆమె పెరట్లోకి మోసుకెళ్లింది. ఈ పని చేతికొచ్చిన మొట్టమొదటిసారి ఆమె పాత ఫిల్టర్‌ని సంచిలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. తెల్లారేసరికి వీధి పొడుగునా కాలవ దాకా నల్లటి చార. రంపప్పొట్టు చల్లి, సబ్బు పొడి వేసి, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా నడుం పడిపోయేలా తోమింది. అప్పట్నుంచీ పద్ధతి మార్చింది. ఫిల్టర్ నెత్తిన మేకుతో కన్నం పొడిచి, డబ్బా మీద బోర్లించి, ఆఖరి బొట్టు దాకా ఓడ్చి, కాగితంలో చుట్టి, పాత ఆయిల్‌తో పాటు మలుపులో ఉన్న మెకానిక్ షెడ్డులో ఇచ్చి వస్తుంది.

ఇవాళా కన్నం పొడిచింది. బోర్లించే ముందు అలవాటు కొద్దీ అంచు తుడిచింది. గుడ్డ ఎక్కడా పట్టుకోలేదు.

వంగి చూసింది. అంచు చుట్టూ గాడి ఖాళీగా ఉంది. ఎప్పుడూ అందులో నల్లగా, కాస్త ఉబ్బి కనబడే రబ్బరు రింగు లేదు.

ట్రేలో వెతికింది. పాడైన జల్లెడ అక్కడే ఉంది. డబ్బా మీద దాన్ని పెట్టి పాత ఆయిల్ మొత్తం కొంచెం కొంచెంగా వడకట్టింది. రెండు దారప్పోగులూ ఒక ఎండుటాకూ వచ్చాయి. రింగు రాలేదు.

ఇక్కడ లేదంటే అది ఇంజన్‌కే అంటుకుని ఉండాలి. దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కించేశారు. రింగు మీద రింగు. పరుగున వెళ్లి కారు కిందికి వంగి చూసింది. చుక్క కూడా కారలేదు. అదే భయం. షెడ్డుకి ఒకసారి ఇలాంటి బండినే తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంటి ముందు తిప్పి చూస్తే బాగానే ఉందట. వేగం అందుకున్నాక పై రింగు పక్కకి జారి, ఆయిలంతా రోడ్డు పాలై, ఇంజన్ పట్టేసిందట. ఈయన సాయంత్రం వెళ్లాల్సింది పెద్ద రోడ్డు మీద, ఒక్కరే, చీకట్లో.

ఇంత జాగ్రత్త గల మనిషి రింగు ఎలా చూడలేదు? తలకి అంత లైటు పెట్టుకుని?

అప్పుడొక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పేపరు చెయ్యంత దూరాన పట్టుకోవడం. ఫోన్లో అక్షరాలు గారెలంత పెంచుకోవడం. చేతిలో నట్టు ఆయిల్లోకి జారడం. ఫిల్టర్ తెచ్చే పని తనకి అప్పగించింది కొట్టు దగ్గరని కాదు, దాని మీది నంబరు ఆయన కంటికి ఆనక. ఆ మాట ఎవరికీ చెప్పకుండా, మసక మసగ్గా ఉన్న ఇనుముని వేళ్లతో తడుముకుంటూ, ఆయన కారు కింద ఒక్కరే పడుకున్నారు.

స్నానాల గది తలుపు దగ్గరికి వెళ్లింది. "ఏమండీ."

"ఊఁ. తువ్వాలు ఉందిలే."

ఇలా తలుపుకి చెబితే పని కాదనుకుంది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆమె వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుని, "పాత ఫిల్టర్‌కి రింగు లేదు," అంది.

"ట్రేలో పడుంటుంది," అన్నారాయన ముద్ద కలుపుతూ.

"జల్లెడ పట్టాను. లేదు."

"ఏ జల్లెడ?"

"మీరు పాడు చేసిందే."

అత్తగారికి నవ్వొచ్చింది కానీ, కోడలి మొహం చూసి మింగేసింది.

"ఇంజన్‌కి ఉండిపోతే నాకు తెలీదా? విప్పాక అక్కడ చూశాను కదా," అన్నారాయన.

"చూశారా, తడిమారా?"

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన కంచంలోకే చూస్తున్నారు.

"నా కళ్లజోడు పెట్టుకోరా పోనీ," అంది అత్తగారు, చాలా మెల్లగా. "మీ నాన్నా ఇంతే. పౌడరనుకుని పళ్లపొడి రాసుకుని పెళ్లికెళ్లాడు గానీ, కనబడట్లేదని ఒక్కనాడూ ఒప్పుకోలేదు."

ఆయన ముద్ద పక్కకి నెట్టి, "ఎన్నాళ్లనుంచి తెలుసు?" అన్నారు.

"ఇప్పుడే. పెరట్లో."

ఆయన తల ఊపారు. ఆమె ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వేసింది.

"ఇవాళ ప్రయాణం లేదు. తిన్నాక, ఇంజన్ చల్లారనిచ్చి, బండి కింద నేను పడుకుంటాను. కొత్తది విప్పి, ఆ పాత రింగు తీసి, మళ్లీ నేనే బిగిస్తాను. రేపు వెళ్దురుగాని, కళ్లజోడు చేయించుకుని. ఇక మీదట కూడా అంతే. ఎంత తిప్పాలో మీరు చెప్పండి, నేను తిప్పుతా. మీరు పీట వేసుకుని పక్కన కూర్చుని లైటు పట్టుకోండి," అంది. కూర గిన్నె ఆయన వైపు జరిపి, మళ్లీ అంది. "తలకి తగిలించుకునేది కాదు. చేత్తో పట్టుకునేది."