నరమానవుడు కనపడని చోటు

మా ఆయన లక్ష్మీనారాయణ హిందూపురం డిపోలో కండక్టరుగా పనిచేసి ఈ ఏడే రిటైరయ్యాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఉద్యోగమంతా ఆ రోడ్డు మీదే గడిచిపోయింది. జరగండి, ముందుకు జరగండి అని అరిచి అరిచి ఇంట్లో కూడా ఆ గొంతే ఉండిపోయింది. గ్లాసెడు నీళ్లు కావాలన్నా వీధి చివరికి వినపడేలా అడుగుతాడు. అట్లాంటి మనిషి రిటైరైన మర్నాడే, "నాకు నరమానవుడు కనపడని చోట నడవాలని ఉండాది" అన్నాడు. షుగరుకు నడవమని డాక్టరు చెప్పింది నిజమే కానీ, నరమానవుడి సంగతి ఆయన చెప్పలేదు.

నేను కూడా వస్తానన్నాను.

"నువ్వొద్దులే" అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ. "ఎవురూ ఉండగూడదు అంటాంటే అర్థం కాదా నీకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల కాపురం తరువాత నేనూ ప్యాసింజర్లలో ఒకదాన్నయ్యానన్నమాట. మా ఇంట్లో మా అత్త, కొడుకు, కోడలు, మనవరాలు. గోడకు అవతల పక్కింటి వసుంధర వాళ్ల టీవీ. ఆ సందడి నుంచి పారిపోతున్నాడా, లేక నా నుంచి పారిపోతున్నాడా? అడిగితే అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజం చెప్తాడేమోనని భయమేసి అడగలేదు.

రిటైరైనవాళ్లకిచ్చే బస్సు పాసు ఉంది కాబట్టి పొద్దున్నే బస్సెక్కేవాడు. ఎక్కడో దిగి నడిచేవాడు. మధ్యాహ్నానికి మొహం మాడ్చుకుని వచ్చేవాడు. ఈ దేశంలో పుట్టి మనుషుల్లేని చోటు కావాలన్నవాడికి అట్లా కావలసిందేనని నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

మొదట హిందూపురం బయటే ప్రయత్నించాడు. మా వైపు ఒంటరిగా నడిచేవాణ్ణి చూసి బండి ఆపకుండా పోవడం మర్యాద కాదు. ప్రతి బండీ ఆగింది. "ఏం సార్, నడిచి పోతాండారే, ఎక్కండి" అన్నారు. వద్దంటే నొచ్చుకున్నారు. చివరికి ఒకాయన మాట కాదనలేక ఎక్కి, వాళ్లింటికి పోయి, కాఫీ తాగి, వాళ్ల కూతురి పెళ్లి ఆల్బమ్ మొత్తం చూసి వచ్చాడు. ఆ రోజు ఆయన నడిచింది వాళ్ల వాకిలి నుంచి కుర్చీ దాకా.

తరువాత ఎర్రమంచి వైపు పోయాడు. కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి అక్కడ బీడు భూముల్లో ఎవరైనా ఊరికే నిలబడితే చాలు, ఇంకో కంపెనీ వస్తోందనుకుంటారు. ఈయన తెల్లచొక్కా వేసుకుని, ఫోన్లో మ్యాపు చూసుకుంటూ నడిచాడు. తిరిగి చూస్తే వెనక సగం ఊరుంది. ఒకరు కుర్చీ తెచ్చారు, ఒకరు మజ్జిగ తెచ్చారు. "ఏ కంపెనీ వస్తాండాది సార్? మా చేను దాంట్లోకి పోతాదా, పోదా?" అని అడిగారు. ఏ కంపెనీ లేదంటే ఒక్కరూ నమ్మలేదు. పెద్ద ఆఫీసర్లు ముందు అట్లాగే అంటారట.

పెనుకొండ కొండ మీద ఇంకా బాగా జరిగింది. కోట గోడల కింద నిధులున్నాయని తవ్వేవాళ్ల కథలు విని విని, రాళ్ల మధ్య ఒంటరిగా తిరిగే ప్రతివాడి మీదా అక్కడ అనుమానమే. ఒక ముసలాయన పొదల చాటున మా ఆయన వెంటే నడిచాడు. చాలాసేపటికి ఇక ఉండబట్టలేక దగ్గరకొచ్చి, "ఏమప్పా, ఏమన్నా దొరికిందా? నాకేం వద్దు, ఊరికే చూస్తా" అన్నాడట.

ఈ సంగతులన్నీ చెప్పి మా ఆయన కంచం ముందు నిట్టూర్చేవాడు. నేను పప్పు వడ్డిస్తూ, "నేను లేని చోటు అంత బిరీన దొరుకుతాదా?" అని ఒక పోటు పొడిచేదాన్ని. ఆయన తల వంచుకుని తినేవాడు.

రెండు నెలలు అట్లా తిరిగాక ఒకరోజు మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"దొరికింది. ధర్మవరం దాటినాక, ముదిగుబ్బ రోడ్డులో. రెండు బోడిగుట్టల మధ్యన. సెల్లు కూడా పలకదు. రేపు నువ్వూ రావల్ల."

"నేనెందుకు? ఎవురూ ఉండగూడదంటివే?"

"వస్తావా, రావా?" అన్నాడు కండక్టరు గొంతుతో. గోడ అవతల టీవీ శబ్దం తగ్గింది.

నవ్వుతున్నానే కానీ నాకు లోపల గుబులు పట్టుకుంది. ఇంట్లో చెప్పలేని మాటేదో చెప్పడానికే అంత దూరం తీసుకుపోతున్నాడనుకున్నాను. ఏ ఆశ్రమంలోనో చేరిపోతానంటాడా? ఇన్నాళ్లూ నీతో వేగింది చాలంటాడా?

మర్నాడు ధర్మవరంలో బస్సు మారి, స్టేజీ కూడా లేని చోట దిగాం. వేరుశనగ పీకేసిన చేలు దాటి, తంగేడు పొదల మధ్య నడిచాం. నా మోకాళ్ల నొప్పి గుర్తొచ్చినప్పుడల్లా ఆయన ఆగాడు. గుట్టల మధ్యకు రాగానే నాలుగు వైపులా తిరిగి చూశాడు, బస్సులో టికెట్టు తీసుకోనివాళ్ల కోసం చూసినట్టు. గాలి తప్ప ఏమీ లేదు.

"ఇంగ పాడు" అన్నాడు.

"ఏం పాడేది?"

"పాటే. పెండ్లయిన కొత్తలో రోలు కాడ కూచోని పాడతాంటివే. పక్కింటోళ్లు నవ్వినారని నిలిపేస్తివి. ఇంట్లో ఎప్పుడూ ఎవురో ఒకరు ఉంటారని మళ్లా నోరే తెరవకపోతివి. ఈడ ఎవురూ లేరు, నేను చూసినాను."

ఆ పాటలు నేనే మర్చిపోయాను. రోజూ అంతమందిని ఎక్కించి దించిన మనిషికి అవి గుర్తున్నాయి.

"మరి నన్నెందుకు వద్దంటివి?"

"నీ మోకాళ్లతో ఊరూరూ తిప్పమంటావా? చోటు దొరికినాక పిలుద్దామనుకుంటి."

ఈ ముక్క ముందే చెప్పి ఉంటే రెండు నెలలు ఆయన పప్పులో ఉప్పు ఎక్కువ వేసేదాన్ని కాదు.

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి మూసిపెట్టిన గొంతు, తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. మా ఆయన రాయి మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ధైర్యం చేసి పై స్థాయి అందుకున్నాను. గుట్టలు రెండూ ఆ గొంతును నాకే తిప్పి ఇచ్చాయి. బాగా లేదని నాకు తెలుసు. అయినా ఆపబుద్ధి కాలేదు.

రెండో చరణంలో ఉండగా గుట్ట మీద తలలు లేచాయి. ముందు బెదిరిన గొర్రెలు, వాటి వెనక కర్ర ఎత్తుకుని ఒక కాపరి, అతని వెనక రొప్పుకుంటూ ఇద్దరు కూలి ఆడవాళ్లు.

"ఏమైందమ్మా? ఎవురు కొట్టినారు? నా పేరు ఎర్రిస్వామి, భయపడొద్దు, నాకు చెప్పు" అంటూ కాపరి మా ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆడవాళ్లలో ఒకామె నా నోటికి నీళ్ల సీసా అందించింది. "ఈ వయసులో ఏం కష్టమొచ్చె తల్లీ, ఈడికొచ్చి ఏడుస్తాండావు?" అంది. గుడి లేని, దారి లేని గుట్టల్లోకి ముసలి మొగుడూ పెళ్లాలు ఎందుకొస్తారు? చావడానికే వచ్చామని వాళ్లు తేల్చేసుకున్నారు.

"ఏడుపు కాదప్పా, పాట! పాడతాండాది!" అని మా ఆయన అరిచాడు.

"పాటా?" ఎర్రిస్వామి నన్ను ఎగాదిగా చూశాడు. "మా గొర్రెలు మేత ఇడిచిపెట్టి పరిగెత్తినాయి సార్."

రెండో ఆమె అప్పటికే మా ఆయన్ని గుర్తుపట్టి, "ఓయమ్మ, ధర్మవరం బస్సు కండక్టరు సార్!" అంటోంది.

మా ఆయన నీరుకారిపోయి రాయి మీద నుంచి లేచాడు. "పద నీలావతీ. ఇది గాకపోతే ఇంగోటి. రేపు నల్లచెరువు దిక్కు పోయి చూస్తా. నువ్వు పాడేదానికి యాడో ఒకచోట రవ్వంత జాగా ఉండకుండా పోతాదా?"

అంటూనే నా చెప్పుకు గుచ్చుకున్న ముల్లు తీయడానికి వంగాడు. ఎండకు కమిలి నల్లబడిన ఆయన మెడ కనపడింది. ఆ ఎండల్లో తిరిగింది నా కోసమే. నన్ను వదిలించుకోవడానికి తిరుగుతున్నాడనుకున్నాను నేను. ఇక ఆగలేకపోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎర్రిస్వామి కర్ర దించి మా ఆయన వైపు తిరిగాడు.

"ఇదీ పాటేనా సార్?" అని అడిగాడు.