మావాళ్ళు ఒప్పుకోరు

"మీవాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు కదా అని నేనే కొట్టేయించేశానమ్మా" అంది స్వర్ణ మేడం, టీ గ్లాసు అరచేతుల మధ్య తిప్పుకుంటూ. ఆ చెప్పడంలో ఎంత ప్రేమ ఉందంటే, నేను "థాంక్సండీ" అనబోయాను.

కొట్టేయించింది నా పేరు. విశాఖపట్నంలో ఆరు నెలల ట్రైనింగు. అది పూర్తిచేసి వస్తే నాలాంటి నర్సు సూపర్వైజరవుతుంది, అంటే స్వర్ణ మేడం కూర్చున్న కుర్చీలాంటిది ఒకటి వస్తుంది. మా ఆసుపత్రి నుంచి ఒక్కరినే పంపుతారు. వరసలో ముందున్నది నేను. పదహారేళ్ళుగా అరకు చుట్టూ ఉన్న ఈ కొండలు ఎక్కి దిగుతున్నాను. కాగితం మీద ఖైరున్నీసా అన్న నా పేరుకి ఎర్ర గీత, దాని కింద సౌజన్య పేరు. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఆరేళ్ళు. కాగితం శుక్రవారం విశాఖ వెళ్తుంది. నలభై దాటితే ఇక పిలవరు, నాకు వచ్చే నెలతో ముప్పై తొమ్మిది నిండుతాయి. ఇది మంగళవారం మాట.

"నా అంతట నేను కొట్టెయ్యలేదమ్మా. నిన్న జీపు బాగుచేయించడానికి మీ ఆయన షెడ్డుకి వెళ్ళినప్పుడు ఆయన్ని కూడా అడిగాను" అంది మేడం. "అడగాల్సింది నన్ను కదా మేడం" అన్న మాట నాకు తట్టింది. ఎప్పుడు? ఆసుపత్రి గేటు దాటి, రైలు పట్టాలు దాటి, ఇంటి సందు మొదట్లోకి వచ్చాక. నా జవాబులన్నీ అంతే, అవతలి మనిషి వెళ్ళిపోయాకే వస్తాయి. గుమ్మంలో చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కున్నాను. మళ్ళీ విడిచాను. లోపలికి వెళ్ళి బియ్యం కడిగాను, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియక.

పదహారేళ్ళుగా ఆసుపత్రిలో అందరికీ నా గురించి నాకంటే ఎక్కువ తెలుసు. "మీ ఆయన నలుగురిని చేసుకోవచ్చట కదా, నీకు భయం వెయ్యదూ?" అంటారు. ఉన్న ఒక్క భార్య చెయ్యందించకపోతే బీరువాలో తన బనీను తనకి కనపడదు మా సుభానీకి, నలుగురితో ఏం వేగుతాడు? "మీలో ఆపరేషన్లు చేయించుకోరట కదా" అని అడుగుతారు, ఈ మండలంలో ఆడవాళ్ళని ఆపరేషన్లకి జీపెక్కించుకుని తీసుకెళ్ళే నన్నే. రెండో కూతురు పుట్టాక నేనే చేయించుకున్నాను. సాలూరులో ఉన్న అత్తగారికి మాత్రం అపెండిక్స్ అని చెప్పాం. మూడు పూటలా బిర్యానీ తింటామని మరో నమ్మకం. పొద్దున చోడి అంబలి తాగి వచ్చిన రోజు కూడా "ఏం ఖైరూ, మసాలా వాసన వస్తోంది" అంటారు. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఒకటుంది. "నువ్వు మీవాళ్ళలా ఉండవు ఖైరూ" అని మెచ్చుకోవడం. మావాళ్ళలా కాకపోతే నేను ఎవరిలా ఉంటాను? మా అమ్మలా ఉంటాను, అమ్మని కన్న నానీలా ఉంటాను. వాళ్ళు మావాళ్ళు కారా?

అయితే తప్పంతా వాళ్ళ మీదకి నెట్టేస్తే అబద్ధమాడినట్టే. ఆ మాట స్వర్ణ మేడానికి నేర్పింది నేనే. చేరిన కొత్తలో స్టాఫంతా కలిసి బొర్రా గుహలకి పిక్నిక్ అన్నారు. ఆదివారం, ఉతకాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి, కాంపౌండరు నోటి దురుసు పడలేను. "మావాళ్ళు ఒప్పుకోరు మేడం" అన్నాను. ఎంత సుఖంగా పని జరిగిపోయిందో! ఒక్కరు ఎదురు ప్రశ్న వెయ్యలేదు. సౌజన్య "నాకు ఇష్టం లేదు" అంటే పొగరు, నేను "మావాళ్ళు ఒప్పుకోరు" అంటే పాపం. ఆ తరువాత ఎవరి పెళ్ళికి వెళ్ళబుద్ధి కాకపోయినా, ఎవరింట్లో ఏం తినబుద్ధి కాకపోయినా అదే మాట. వానకి గొడుగు తీసినట్టు తీసేదాన్ని. ఆ మావాళ్ళెవరో నేనూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

సాయంత్రం సుభానీ చేతుల గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుని అన్నానికి కూర్చున్నాక అడిగాను. "స్వర్ణ మేడం మిమ్మల్ని అడిగిందట."

"అడిగింది. నేను వద్దనలేదే. నేనెప్పుడైనా నిన్ను వద్దన్నానా? మా అమ్మ ఒప్పుకోదేమో అన్నాను, అంతే."

"అమ్మీని అడిగారా?"

"అడగడమెందుకు, మా అమ్మ సంగతి నాకు తెలీదా? అయినా ఆరు నెలలు ఇల్లెవరు చూస్తారు? పెద్దదానికి టెన్త్. ఒకందుకు మంచిదే అయిందిలే. ఉప్పు తక్కువైంది, చూసుకో."

చూసుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. సుభానీ చెడ్డవాడు కాదు, ఆ మాట అందరూ నాతో అంటారు, నేనూ అంటాను. షెడ్డు ముందు బెంచీ మీద స్నేహితులు కూర్చున్నప్పుడు "మా ఆవిడకి నేను ఫుల్లు స్వేచ్ఛ ఇచ్చాను. బురఖా కూడా నేనే వద్దన్నాను" అని చెబుతుంటాడు. వాళ్ళు భేష్ అంటారు. నిజమే, వద్దన్నాడు. వచ్చే గిరాకీలు అదోలా చూస్తారన్నాడు. సాలూరులో అత్తగారు కావాలంది, లేకపోతే వీధిలో వాళ్ళు అదోలా చూస్తారంది. అందుకని బస్సు ఎస్.కోట దాటాక వేసుకుంటాను, తిరిగి వచ్చేటప్పుడు ఘాటు రోడ్డు మొదట్లో తీసి సంచీలో పెడతాను. ఆ గుడ్డ ఎంచుకున్నది నేను, రెండు జేబులు పెట్టి కుట్టుకున్నది నేను. ఒకరు వెయ్యమన్నారు, ఒకరు తియ్యమన్నారు. వేసుకోవడం నాకిష్టమో కాదో ఇన్నేళ్ళలో నన్ను నేను కూడా అడగలేదు. ఆ సంగతి అంట్లు తోముతుంటే తట్టింది. చేతిలో గిన్నెని ఎంతసేపు తోమానో, పెద్దది వచ్చి "అమ్మీ, అది ఇందాకే తళతళలాడింది" అంది.

మర్నాడు బుధవారం, టీకాల రోజు. భుజానికి ఐసు డబ్బా తగిలించుకుని కొండ మీది రాయిపుట్టు ఊరికి ఎక్కాను. డిసెంబరు మంచు, పది దాటినా ఎండ దిగలేదు. దారంతా స్వర్ణ మేడంతో పోట్లాడుతూనే ఉన్నాను, పైకే. ఒక మలుపులో చిట్టెమ్మ అనే ముసలామె కట్టెలమోపుతో ఎదురై, నా వెనక ఎవరున్నారా అని తొంగి చూసి నవ్వుకుంటూ పోయింది.

ఊళ్ళో దేముడమ్మ ఉంది. నాకు పిల్లల్ని పోగుచేసి పెట్టే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. రెండు నెలల కిందట ఆమె కూతురు రాజులమ్మకి నేనే పురుడు పోశాను. బిడ్డ కాళ్ళు ముందొచ్చాయి, వానకి జీపు కొండెక్కలేదు. తల్లీబిడ్డా దక్కారు. అప్పటినుంచి దేముడమ్మకి నాకు కోడికూరతో అన్నం పెట్టాలని ఒకటే పట్టు. ఊళ్ళో అందరికీ ఇన్నేళ్ళుగా చెప్పినట్టే, ఆమె పెట్టబోయినప్పుడల్లా "మావాళ్ళు ఒప్పుకోరు దేముడమ్మా, మావాళ్ళు కోసిందే తినాలి" అని తప్పుకుంటూ వచ్చాను. అది నిజమే కూడా. మా నాన్న, మా అబ్బా, బిస్మిల్లా చెప్పి కోసింది తప్ప మా ఇంట్లో మాంసం ముట్టేవాళ్ళం కాదు.

ఆ రోజు టీకాలయ్యేసరికి దేముడమ్మ గంప ఎత్తింది. కింద బతికున్న పుంజు, కాళ్ళకి తాడు. పక్కన అడ్డాకు మీద కత్తి.

"ఇదిగో కైరమ్మా. మీవోళ్ళు కోసిందే తింతానంతావు గదా. నువ్వు మీవోళ్ళలో మనిసివే గదా. నువ్వే కొయ్యి."

"అయ్యో, మాలో ఆడవాళ్ళు కొయ్యరు."

"ఎవులు సెప్పారు?"

నోరు తెరిచాను. ఎవరు చెప్పారు? అబ్బా ఎప్పుడూ అనలేదు. మసీదు హజరత్ అనలేదు. అమ్మ అనలేదు. కోసే వేళకి అమ్మా నేనూ లోపల ఉల్లిపాయలు తరుగుతూ ఉండేవాళ్ళం, అంతే. మా గురించి మిగతా వాళ్ళు ఊహించుకున్నట్టే నేనూ ఊహించుకున్నాను.

"మాకాడా మగోళ్ళే కోత్తారులే" అంది దేముడమ్మ. "గాని ఇయాల మగోళ్ళంతా కాపీ తోటల్లోకి ఎల్లిపోనారు. ఆకలేత్తే ఏటి సేత్తాం?" అని, నేనింకా కదలకపోవడం చూసి విసుక్కుంది. "ఏరీ మీవోళ్ళు? పదారేల్ల నుండి సూత్తన్నాను, ఈ కొండ ఎప్పుడెక్కినా నువ్వొక్కర్తివే ఎక్కుతావు. ఎవులైనా నీ యెనకాలొచ్చి ఒద్దన్నారా? మా కూడు నీకు పడదంతే అదైనా సెప్పీ, ఊరుకుంతాను."

సౌజన్య ఈ ఊళ్ళో మంచినీళ్ళు కూడా తాగదు, ఎందుకో అందరికీ తెలుసు. నా మాట కూడా వీళ్ళ చెవికి అలాగే వినపడుతూ వచ్చిందన్నమాట, పదహారేళ్ళూ. సిగ్గుతో ముఖం కాలిపోయింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని లేచాను.

కత్తి పదును బొటనవేలితో చూశాను. అబ్బా చేసినట్టే దాన్ని పుంజుకి కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాను. దోసిట్లో నీళ్ళు పట్టి తాగించాను. పడమటి కొండ వైపు తిప్పి, రాజులమ్మని కాళ్ళు పట్టుకోమన్నాను. వేల సూదులు గుచ్చిన చేతులతో, కాళ్ళు ముందొచ్చిన బిడ్డని లాగిన చేతులతో కత్తి పట్టాను. "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అన్నాను గట్టిగా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఒక్క వేటు. ఆ మధ్యాహ్నం సామల అన్నంలో కారం కారంగా ఆ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. దేముడమ్మ తినడం మానేసి నన్నే చూస్తూ కూర్చుంది.

దిగేటప్పుడు మాత్రం భయం పట్టుకుంది. చెల్లిందా, చెల్లలేదా? తిన్నది హరామయితే? కాళ్ళు వాటంతటవే ఎస్టీడీ బూత్ వైపు నడిచాయి. సాలూరులో అత్తగారికి ఫోను లేదు, పక్కింటి పీపీ నంబరుకి చేసి పిలిపించాను. ఆవిడ వగరుస్తూ వచ్చింది.

"ఏమైంది బేటీ, పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు అమ్మీ. ఆడది కోడిని కోస్తే చెల్లుతుందా?"

అటువైపు నుంచి కిసుక్కున నవ్వు. "అల్లా పేరు చెప్పావా? చెల్లుతుంది. మీ మామ లారీ మీద రాయపూర్ వెళ్ళి వారాల తరబడి రాకపోతే నేను కొయ్యలేదూ? తలుపేసుకుని కోసేదాన్ని. పిల్లలకి పక్కింటి భాయీ కోశాడని చెప్పేదాన్ని. ఎవరితోనూ అనకు."

ఆ ఊపులోనే అడిగేశాను. "అమ్మీ, నేను ఆరు నెలలు ట్రైనింగుకి వెళ్తానంటే మీరు ఒప్పుకోరట కదా?"

"ఎవరన్నారు?"

"మీ అబ్బాయి."

"వాడు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కూడా నా పేరే చెప్పేవాడు" అంది. మళ్ళీ గొంతు మార్చింది. "నాకు ఇష్టం లేదు, నిజం చెబుతున్నాను. ఈడొచ్చిన పిల్లల్ని వదిలి ఆరు నెలలేంటి? కానీ నువ్వు నన్నడిగి చేసే మనిషివా? అయితే ఆ అపెండిక్స్ అప్పుడే అడిగేదానివి. అపెండిక్స్ కోత బొడ్డు కింద నడిమధ్యన ఉండదని నాకు తెలీదనుకున్నావా?"

పదకొండేళ్ళుగా తెలుసు ఆవిడకి. ఒక్క మాట అనలేదు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర నేను వెళ్తున్నానని చెప్పాను. సుభానీ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి "మరి మా అమ్మ?" అన్నాడు. "మాట్లాడాను" అన్నాను. "మరి ఇల్లు?" అన్నాడు. "మీ బనీన్లు రెండో అరలో ఉన్నాయి" అన్నాను. అతను అలిగాడు. నేను బతిమాలలేదు. పడుకోబోయే ముందు అతనే బీరువా తెరిచి రెండో అర చూసుకున్నాడు.

శుక్రవారం పొద్దున మంచు ఎదుటి మనిషి కనపడనంతగా కమ్మేసింది. సంచీలోంచి బురఖా తీశాను. దులిపి, వేసుకుని, జేబుల్లో చేతులు పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. సాలూరు కాదు, ఎవరూ వెయ్యమనలేదు. షెడ్డు ముందు నుంచే నడిచి వెళ్ళాను, సుభానీ చేతిలో స్పానరుతో అలాగే నిలబడి చూశాడు.

ఆసుపత్రి వరండా ముందు జీపు స్టార్టయి ఉంది. స్వర్ణ మేడం కాగితాలు కవరులో పెడుతోంది. నన్ను చూసి చటుక్కున లేచింది. "అయ్యో ఖైరూ, ఏమిటిది? ఇంట్లో గొడవైందా? ఇది వేయించారా నీ చేత?"

"లేదు మేడం. చలిగా ఉంది" అన్నాను. "ఆ కాగితం ఒకసారి ఇవ్వండి."

ఇచ్చింది. బల్ల మీది పెన్ను అందుకుని ఎర్ర గీత పైన నా పేరు మళ్ళీ రాశాను, పూర్తిగా, ఖైరున్నీసా అని. పక్కన సంతకం చేశాను. మేడం కళ్ళజోడు సవరించుకుని నావంక, కాగితం వంక మార్చి మార్చి చూసింది. ఆవిడకి నిజంగానే నా మీద బెంగ, అది ముఖంలో కనపడుతూనే ఉంది.

"మరి మీవాళ్ళు ఒప్పుకున్నారా అమ్మా?"

ఈసారి జవాబు గేటు దాటేదాకా ఆగలేదు.

"ఒప్పుకున్నాను మేడం."